ఈ ఫొటో ఎక్కడిది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ప్రశ్నల్లోకి వెళ్ళే ముందు నేను ఒక తప్పు దిద్దుకోవాలి.

పోయిన నెల ఒక నలుపు తెలుపు ఫొటో గురించి రాశాను. మట్టిరోడ్డు, దాని పక్కన బారుగా యూకలిప్టస్ చెట్లు, వెనక తెల్లటి పొడవాటి ఇల్లు, ఇంటి ముందు ఆగిన బస్సు వెనక భాగం. చెట్లు కనబడగానే నా మనసు ఆస్ట్రేలియా మీదికి పోయింది. అదే రాసేశాను. వారం తిరక్కుండా ఒక పాఠకురాలి ఉత్తరం వచ్చింది: "బస్సెక్కడానికి నిలబడ్డవాళ్ళు బస్సుకి కుడిచేతి వైపున ఉన్నారు. ఆస్ట్రేలియాలో బళ్ళు రోడ్డుకి ఎడమ పక్కన నడుస్తాయి. మరి ఎక్కే తలుపు కుడివైపు ఎందుకుంది?"

ఆ ఉత్తరం చదివి, భూతద్దం తీసుకుని మళ్ళీ కూర్చున్నాను. ఆమె చెప్పింది నిజం. తలుపు కుడివైపే. అప్పుడు ఇంటి గోడ చూశాను. గుమ్మం పక్కన బొమ్మలు వేసిన పింగాణీ పలకలు, వాటి మీద రెండు మాటలు. ఒక మాటలో 'ఏ' అక్షరం నెత్తిన అలలాంటి గీత. స్పానిష్ వాళ్ళు ఆ గీత 'ఎన్' మీదే పెడతారు, పోర్చుగీసు వాళ్ళు 'ఏ' మీద, 'ఓ' మీద పెడతారు. అంటే పోర్చుగల్ కావాలి, లేకపోతే బ్రెజిల్. ఫొటో పంపినాయనకు ఈ సంగతి రాస్తే, అదే కవరులో ఉన్న ఇంకో ప్రింటు వెనక పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లోని స్టూడియో ముద్ర ఉందని జవాబిచ్చారు. యూకలిప్టస్ పుట్టిల్లు ఆస్ట్రేలియాయే. కానీ పోర్చుగల్‌లో, స్పెయిన్‌లో, బ్రెజిల్‌లో, ఇథియోపియాలో, కాలిఫోర్నియాలో మనుషులు దాన్ని విరివిగా నాటారు. మనిషి మోసుకుపోగలిగిన చెట్టుని ఒంటరి సాక్షిగా నిలబెట్టడం నా తప్పు. ముప్ఫై ఏళ్ళు సర్వే పనిలో ఉన్నవాణ్ణి. ఒక్క గుర్తుని చూసి మనం నిలబడ్డ చోటు పటం మీద పెట్టకూడదని కుర్రవాళ్ళకి నేర్పినవాణ్ణి. ఆ పాఠకురాలికి చేతులెత్తి నమస్కారం.

ఇక ఈ నెల ప్రశ్నలు.

ప్రశ్న: మా తాతగారు సరుకుల ఓడల్లో పనిచేశారు. ఆయన ఆల్బమ్‌లో ఒక వీధి ఫొటో ఉంది. ట్రామ్, నాలుగైదు కార్లు, వెనక చర్చి గోపురం. కార్లు ఎడమ పక్కనే పోతున్నాయి. కానీ స్టీరింగ్ కూడా ఎడమ పక్కనే ఉంది! ప్రింటు వేసేటప్పుడు నెగటివ్ తిరగబడిందా? ఇది ఏ దేశమో తేల్చగలరా?
– ఒక నావికుడి మనవరాలు

జవాబు: అమ్మా, మీరు స్టీరింగ్ దాకా చూశారు. సగం పని అక్కడే అయిపోయింది.

నెగటివ్ తిరగబడిందేమోనన్న అనుమానం ముందు తీర్చుకుందాం. అలా జరుగుతుంది. తొలినాళ్ళలో లోహపు రేకు మీద నేరుగా తీసిన ఫొటోలు, డాగెరోటైపులైతే సహజంగానే అద్దంలో ప్రతిబింబంలా కుడిఎడమలు మారి వచ్చేవి. వాటిలో మగవాళ్ళ కోటు బొత్తాలు ఆడవాళ్ళ వైపు కనిపిస్తాయి. మీ ఫొటోలో మాత్రం కొట్టు బోర్డు మీది అక్షరాలు తిన్నగా ఉన్నాయి. వీధి తిరగబడితే అక్షరాలూ తిరగబడాలి. కాబట్టి ప్రింటు సరైనదే, మీరు చూసింది నిజంగా ఉన్నదే.

ఎడమ స్టీరింగుతో ఎడమ పక్క నడిచిన దేశాలు చాలా తక్కువ. అందుకే ఈ ఫొటో నాకు అంత నచ్చింది. కొట్టు బోర్డు పెద్దది చేసి చూశాను. 'ఏ' మీద ఒకచోట రెండు చుక్కలు, ఇంకోచోట చిన్న సున్నా. 'ఓ' మీద రెండు చుక్కలు. జర్మన్‌లో చుక్కలున్నాయి గానీ సున్నా లేదు. డేనిష్, నార్వేజియన్ భాషల్లో సున్నా ఉంది, కానీ వాళ్ళు 'ఓ' మీద చుక్కలు పెట్టరు, అడ్డంగా గీత కొడతారు. ఐస్‌లాండ్ కూడా 1968 మే దాకా ఎడమ పక్కనే నడిచింది, కానీ వాళ్ళ రాతలో చుక్కల 'ఏ' గానీ సున్నా 'ఏ' గానీ లేవు. ఫిన్లాండ్‌లో ఆ అక్షరాలు కనిపిస్తాయి, కానీ అక్కడ బళ్ళు కుడి పక్కన పోతాయి. ఒక్కొక్క దేశాన్నీ పక్కకి పెడుతూ వస్తే మిగిలేది స్వీడన్.

స్వీడన్‌లో 1967 సెప్టెంబరు 3 దాకా బళ్ళు ఎడమ పక్కనే నడిచాయి. కార్లు మాత్రం అప్పటికే చాలావరకు ఎడమ స్టీరింగువి. ఎదురుగా వచ్చే బండి సరిగా కనబడక ముందు బండిని దాటబోయి గుద్దుకునేవాళ్ళు. పైగా పక్కనున్న నార్వే, ఫిన్లాండ్ రెండూ కుడి పక్క దేశాలు. 1955లో జనాన్ని అడిగితే నూటికి ఎనభై మందికి పైగా మార్పు వద్దన్నారు. అయినా ప్రభుత్వం మార్చింది. ఆ ఆదివారం తెల్లవారుజామున 4:50కి రోడ్ల మీదున్న బళ్ళన్నీ ఆగి, మెల్లగా రెండో పక్కకి జరిగి, మళ్ళీ ఆగి, 5 గంటలకు కదిలాయి. మీ తాతగారు ఆ వీధిలో నిలబడింది దానికి ముందే.

ముందంటే ఎంత ముందు? ట్రామ్ పక్కన గుండ్రటి వీపున్న కారు చూడండి. అది వోల్వో పీవీ 444. ముందు అద్దానికి మధ్యలో నిట్టనిలువు పట్టీ ఉంది. ఆ కార్లు కొన్నవాళ్ళ చేతికి రావడం 1947లో మొదలైంది. 1958లో దాని తర్వాతి మోడల్‌కి అద్దం ఒకే పలకగా మారింది. పాత కారు ఎన్నేళ్ళయినా రోడ్డు మీద తిరగవచ్చు కాబట్టి, కారు చెప్పేది 'దీనికి ముందు కాదు' అని మాత్రమే. 'దీని తర్వాత కాదు' అని చెప్పేది ఎడమ పక్క నడక. 1947కీ 1967కీ మధ్య, అదీ లెక్క.

ఏ ఊరో తేలాలంటే మీరు ఇంకో పని చేయాలి. స్టాక్‌హోమ్, గోథెన్‌బర్గ్, మాల్మో మూడూ ఓడరేవులే, మూడింటిలోనూ ఆ కాలంలో ట్రామ్‌లు నడిచాయి. ట్రామ్ నెత్తి మీది నంబరూ, దాని పక్కనున్న రాతా చదవగలిగేంత వివరంగా ఫొటోని మళ్ళీ స్కాన్ చేసి పంపండి. తాతగారి సీమన్ పుస్తకం, అంటే ఓడ పనివాళ్ళకిచ్చే నమోదు పుస్తకం, ఇంట్లో ఉంటే, ఓడ ఎక్కిన తేదీలు, దిగిన రేవులు అందులో ముద్రల రూపంలో ఉంటాయి. చర్చి గోపురం కొసన నాలుగు చిన్న శిఖరాలున్నాయి, వాటిని మూడు ఊళ్ళ పాత పోస్టుకార్డులతో పోల్చి చూడటం నేను మొదలుపెట్టాను.

ప్రశ్న: వెనకాల ఏమీ రాసిలేని ఫొటో చేతికొస్తే మొదట ఎక్కడ చూడాలి?
– కొత్తగా మొదలుపెట్టిన కుర్రాడు

జవాబు: మధ్యలో ఉన్న మనుషుల్ని వదిలేసి అంచులు చూడు బాబూ. ఫొటో తీసినవాడు మధ్యలో ఏముండాలో ఎంచుకుంటాడు. అంచుల్లోకి వచ్చిపడే కరెంటు స్తంభం, మురుగు కాలవ మూత, రోడ్డు మీది గీత అతను ఎంచుకున్నవి కావు. అందుకే వాటిని నేను ఎక్కువ నమ్ముతాను.

కాగితానికి నడిమిన ఒక గీత గీసుకో. ఎడమవైపు కంటికి కనబడింది రాయి. కుడివైపు నీకు తోచింది రాయి. 'వాలుగా ఉన్న ఇంటి కప్పు' ఎడమవైపు మాట. 'మంచు కురిసే దేశం' కుడివైపు మాట. పోయిన నెల నేను ఆ కాగితం గీసుకోకుండానే కూర్చున్నాను, అందుకే చెట్టుకీ దేశానికీ తేడా లేకుండా పోయింది.

రాత కనబడితే అది అన్నింటికంటే ముందు. భాష రానక్కర్లేదు, అక్షరం ఆకారం చాలు. 'ఎల్' మీదుగా ఏటవాలు గీత ఉంటే పోలిష్. చుక్క లేని చిన్న 'ఐ' టర్కీలోనో అజర్‌బైజాన్‌లోనో కనిపిస్తుంది. రష్యన్ లాంటి లిపిలో రెండు చుక్కల 'ఐ' ఉంటే అది ఉక్రెయిన్ రాత. 'ఆగుము' అనే ఎర్ర బోర్డు కూడా మంచి సాక్షి. బ్రెజిల్‌లో, అర్జెంటీనాలో 'పారే' అనీ, మెక్సికోలో 'ఆల్తో' అనీ, కెనడాలోని క్యుబెక్‌లో ఫ్రెంచి మాట 'ఆరే' అనీ ఉంటుంది. ఫ్రాన్స్‌లో మాత్రం ఇంగ్లీషు మాట 'స్టాప్' అనే రాస్తారు! జపాన్‌లో ఆ బోర్డు ఎనిమిది మూలలది కాదు, కొస కిందికి దిగిన ఎర్ర త్రికోణం. రోడ్డు మధ్య గీత పసుపైతే అమెరికా ఖండాల వైపు ఆలోచించు. యూరప్‌లో ఎక్కువగా తెలుపే, నార్వేలో మాత్రం పసుపు.

చెట్లలో కొన్ని మాత్రం గట్టి సాక్షులు. చేతులెత్తి నిలబడ్డ మనిషిలా కనబడే సగ్వారో కాక్టస్ తనంతట తాను పెరిగే చోటు ప్రపంచంలో ఒక్కటే: అమెరికా, మెక్సికోల నడుమ పరచుకున్న సోనోరా ఎడారి. బావోబాబ్ కనబడితే మడగాస్కర్ అని తొందరపడకు. ఆ జాతిలో ఆరు రకాలు మడగాస్కర్‌వే అయినా, ఆఫ్రికా ఖండంలో ఒకటి, ఆస్ట్రేలియా వాయవ్యాన ఒకటి ఉన్నాయి.

ప్రశ్న: నీడని బట్టి ఫొటో తీసిన చోటు చెప్పవచ్చంటారు. నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను, ఎంత ఆలోచించినా ఒక్క నీడ నుంచి అక్షాంశం, రేఖాంశం రెండూ ఎలా వస్తాయో అర్థం కాలేదు. ఇది నిజమేనా?
– ఒక విద్యార్థిని

జవాబు: మీ అనుమానం సరైనది. ఒక్క నీడ నుంచి రెండూ రావు. ఏమొస్తుందో చూద్దాం. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కాస్త ఓపిగ్గా చదవండి.

మనిషి ఎత్తూ అతని నీడ పొడవూ సమానంగా ఉన్నాయనుకోండి. అంటే సూర్యుడు ఆకాశంలో 45 డిగ్రీల ఎత్తులో ఉన్నాడు. అది మిట్టమధ్యాహ్నమనీ, నీడ ఉత్తరానికి పడిందనీ కూడా తెలుసనుకోండి. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి 20 ప్రాంతంలో అయితే ఆ చోటు 45 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటుంది. అదే నీడ డిసెంబరు 21న పడితే, సూర్యుడు దక్షిణానికి 23.4 డిగ్రీలు జరిగి ఉంటాడు కాబట్టి, అక్షాంశం 21.6. జూన్ 21న అయితే 68.4. డిసెంబరు లెక్క హవాయి దీవుల్లోని హోనొలులు దరిదాపుల్లోకి తీసుకుపోతుంది, జూన్ లెక్క ధ్రువ వలయం దాటి ఉత్తర నార్వేలోని నార్విక్‌కి. ఒకే పొడవు నీడ, ఉత్తర దక్షిణాలుగా కొలిస్తేనే నడుమ 5,000 కిలోమీటర్ల పైచిలుకు తేడా! తేదీ తెలియకుండా నీడ కొలిచి ఊరు చెప్పేవాళ్ళని నమ్మకండి.

తేదీ, గడియారం రెండూ కచ్చితంగా తెలిసినా ఒక్క నీడ ఇచ్చేది బిందువు కాదు. ఆ క్షణాన సూర్యుడు అంతే ఎత్తులో కనిపించే చోట్లన్నీ కలిపితే భూమి మీద ఒక పెద్ద వలయం అవుతుంది. ఫొటో ఆ వలయం మీద ఎక్కడో తీసి ఉంటారు. 1837 డిసెంబరులో థామస్ సమ్నర్ అనే అమెరికన్ నౌకా కెప్టెన్ ఐర్లాండ్ సముద్రంలోకి వెళుతూ, మబ్బులు ఒక్కసారి విడితే సూర్యుడి ఎత్తు కొలిచాడు. తన అక్షాంశం మీద నమ్మకం లేక రెండు మూడు అక్షాంశాలతో లెక్క వేసి చూశాడు. వచ్చిన బిందువులన్నీ పటం మీద ఒకే గీత మీద పడ్డాయి. ఆ గీత స్మాల్స్ దీపస్తంభం మీదుగా పోతోంది. గీత వెంబడే ఓడ నడిపించాడు, దీపం కనబడింది. నావికులు స్థానరేఖ అనేది అప్పటి నుంచే పుట్టింది. ఆ వలయంలోని చిన్న ముక్క పటం మీద తిన్నటి గీతలా కనిపిస్తుంది, అంతే. ఫొటోకీ ఇదే సూత్రం. నీడ పొడవు ఒక వలయమిస్తుంది. నీడ ఏ దిక్కుకి పడిందో కూడా తెలిస్తే ఇంకో గీత వస్తుంది. రెండూ కోసుకున్న దగ్గర వెతకాలి. దిక్కు తెలియడమే కష్టం, ఫొటోలో ఉత్తరం ఎటో ఎవరూ రాసిపెట్టరు.

అందుకే దిక్కు చెప్పే వస్తువుల కోసం చూస్తాను. మేడల మీది డిష్‌లు బాగా పనికొస్తాయి. టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకి సరిగ్గా ఎగువన, 35,786 కిలోమీటర్ల ఎత్తున నిలిచినట్టు ఉంటాయి. కాబట్టి ఉత్తరార్ధగోళంలో డిష్‌లు మొత్తం మీద దక్షిణం వైపు చూస్తాయి, దక్షిణార్ధగోళంలో ఉత్తరం వైపు. భూమధ్యరేఖ దగ్గర ఆకాశంలోకి పైపైకి చూస్తాయి. ఉత్తరాదికి పోయేకొద్దీ వాటి చూపు దిగంతానికి దిగిపోతుంది. వీధిలో ఉన్న డిష్‌లన్నీ ఒకే వాలున ఉంటే అది అక్షాంశానికి ఒక మోటు కొలతే.

చోటు తెలిసి కాలం తెలియనప్పుడు ఇదే లెక్క తిరగేస్తే మరీ అందంగా పనిచేస్తుంది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయాన్ని ఫొటో తీశాడు. ఏ సంవత్సరమో ఆయనకే సరిగా గుర్తు లేదు. 1940 అనీ 1944 అనీ రకరకాల తేదీలు వేశాడు. డెనిస్ డి సికో అనే ఖగోళ పత్రికా సంపాదకుడు ఆ చోటుకి వెళ్ళి, కెమెరా ఎక్కడ నిలబెట్టి ఉంటారో పట్టుకుని, శిఖరాల పైన చంద్రుడి స్థానం లెక్కగట్టాడు. 1941 నవంబరు 1, సాయంత్రం 4 గంటల 49 నిమిషాలు అని 1991లో తేల్చాడు. అంతకుముందు ఇంకొకరు వేసిన లెక్కలో ఒక్క రోజు తేడా వచ్చింది. కెమెరా నిలబడ్డ చోటు కాస్త పక్కకి అనుకోవడమే కారణం.

ప్రశ్న: నా దగ్గరున్న ఫొటోలో బోర్డుల్లేవు, బళ్ళు లేవు, ఇళ్ళు లేవు. గడ్డి, దూరంగా కొండలు, అంతే. ఇలాంటిది వదిలేయాల్సిందేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: వదలకండి మాస్టారూ. కొండ కంటే నిజాయతీగల సాక్షి లేదు. బోర్డులు మారుస్తారు, చెట్లు కొడతారు, రోడ్లు వెడల్పు చేస్తారు. ఆకాశానికి ఎదురుగా కొండ గీసే గీత వందేళ్ళకు కూడా అలాగే ఉంటుంది.

స్పెయిన్ అంతర్యుద్ధంలో రాబర్ట్ కాపా అనే ఫొటోగ్రాఫర్ తీసిన, తూటా తగిలి వెనక్కి పడిపోతున్న సైనికుడి ఫొటో మీరు చూసే ఉంటారు. 1936 నాటిది. అది కోర్దోబా నగరానికి ఉత్తరాన సెర్రో మురియానో దగ్గర తీసిందని దశాబ్దాల పాటు అందరూ నమ్మారు. హోసే మాన్వెల్ సుస్పెర్రెగి అనే ఆచార్యుడు ఆ ఒక్క ఫొటోతో ఆగలేదు. అదే వరుసలో తీసిన మిగతా ఫొటోల్లో వెనక కొండలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. వాటిని ఆ ప్రాంతపు ఊళ్ళలోని గ్రంథాలయాలకీ చరిత్రకారులకీ పంపి, "ఈ కొండలు మీకు తెలుసా?" అని అడిగాడు. నగరానికి దక్షిణాన ఉన్న ఎస్పేహో నుంచి "ఇవి మావే" అని జవాబొచ్చింది. 2009లో ఈ సంగతి బయటికి వచ్చాక, ఆ తేదీన అక్కడ అసలు యుద్ధమే జరుగుతోందా అన్న పెద్ద ప్రశ్న లేచింది. ఒక కొండ గీత ఎంత పని చేసిందో చూడండి! ఆ సైనికుడి మరణం నిజమా అన్న వాదన దాకా పోయింది.

మీరు చేయాల్సింది: పల్చటి ట్రేసింగ్ కాగితం ఫొటో మీద పరిచి, కొండల పైగీత ఒక్కటే గీయండి. అనుమానమున్న చోట్ల ఇవాళ తీసిన ఫొటోల మీద, ఉపగ్రహ పటాల్లో కొండల్ని నిలువుగా చూపించే బొమ్మల మీద ఆ కాగితం పెట్టి చూడండి. పరిమాణం కుదరకపోతే బెంగపడకండి, లెన్సుని బట్టి కొండ పెద్దదిగా చిన్నదిగా రావచ్చు. చూడాల్సింది వరుస: ఏ శిఖరం వెనక ఏది దాక్కుంది, ఏ పల్లంలోంచి ఏది తొంగిచూస్తోంది.

ఇక్కడే నా పాత పని అక్కరకొస్తుంది. ఫొటోలో దగ్గరి బండరాయి అంచూ దూరపు శిఖరమూ ఒకదాని మీద ఒకటి పడ్డాయంటే, కెమెరా ఆ రెంటినీ కలిపే సరళరేఖ మీదే ఎక్కడో ఉంది. అలాంటి జత ఇంకొకటి దొరికితే రెండో రేఖ. రేఖలు కోసుకున్న చోటే కెమెరా ముక్కాలి పీట నిలబడింది. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా పశ్చిమాన తీసిన ఫొటోల చోట్లకి 1977–79లో మార్క్ క్లెట్, ఆయన సహచరులు తిరిగి వెళ్ళి, ఇలాగే గుర్తులు కలుపుకుంటూ పాత కెమెరా నిలబడ్డ చోటే తమ కెమెరా నిలబెట్టారు. ఎత్తు కూడా తేలుతుంది. సముద్రపు దిగంతరేఖ నిలబడ్డ మనుషుల కళ్ళ మీదుగా పోతే కెమెరా మనిషి కంటి ఎత్తున ఉంది, నడుం మీదుగా పోతే నడుం ఎత్తున ఉంది.

కొండ కూడా లేకపోతే? ఒక గట్టు చాలు. వాన్ గాగ్ చిట్టచివర వేసిన చిత్రంగా భావించే చెట్టువేళ్ళ బొమ్మ ఎక్కడ వేశాడో నూట ముప్ఫై ఏళ్ళు ఎవరికీ తెలియలేదు. 2020లో వౌటర్ వాన్ డెర్ వేన్ అనే పరిశోధకుడు లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని ఓవేర్ అనే ఫ్రెంచి పల్లె పాత పోస్టుకార్డుల స్కాన్‌లు చూస్తున్నాడు. ఒక కార్డులో సైకిలు పక్కన నిలబడ్డ మనిషి, అతని పక్కన మట్టిగట్టు, గట్టులోంచి బయటపడిన వేళ్ళు. ఆ వేళ్ళ మెలికలు చిత్రంలోని మెలికలే. చిత్రకారుడు బస చేసిన సత్రానికి సుమారు 150 మీటర్ల దూరం.

ప్రశ్న: ఫోన్‌తో తీసిన ఫొటోలో చోటు దాగి ఉంటుందట. అయితే ఇవన్నీ ఎందుకు?
– చాలామంది అడిగారు

జవాబు: ఉంటుంది, ఫోన్‌లో లొకేషన్ అనుమతి ఇచ్చి ఉంటే. అక్షాంశ రేఖాంశాలు, తేదీ, కెమెరా పేరు ఫైలు లోపలే రాసి ఉంటాయి. కానీ మెసేజి యాప్‌లో మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ లాంటివి ఆ వివరాలు తీసేస్తాయి. డాక్యుమెంటుగా పంపితే ఉండిపోతాయి. స్క్రీన్‌షాట్‌లో అసలు ఉండవు. ఎవరైనా చేత్తో మార్చి కూడా రాయవచ్చు. కాబట్టి ఫైలు ఒక చోటు చెప్పినా, ఫొటోలోని రోడ్డూ నీడా దానికి ఒప్పుకుంటున్నాయో లేదో చూడాల్సిందే.

ప్రశ్న: మా అక్క కూతురు ఇంట్లో గొడవపడి వెళ్ళిపోయింది. వయసు ఇరవై నాలుగు. ఎక్కడుందో చెప్పడం లేదు. అప్పుడప్పుడు ఫొటోలు పెడుతుంది. కిటికీలోంచి భవనాలు కనబడుతున్నాయి. ఆరు ఫొటోలు పంపుతున్నాను. ఏ వీధో కనిపెట్టి పుణ్యం కట్టుకోండి.

జవాబు: నేను ఈ పని చేయను. మీ ఫొటోల్లో మొదటిది తెరిచి, ఉత్తరం చదివి, మిగతా ఐదూ తెరవకుండానే తుడిచేశాను.

మీ బాధ నాకు అర్థమవుతుంది. మీరు ఆ అమ్మాయి మేలు కోరే రాసి ఉండవచ్చు. కానీ ఆమె పెద్దది, తను ఎక్కడుందో చెప్పకూడదని తనే అనుకుంది. ఎందుకు అనుకుందో నాకు తెలియదు, ఉత్తరం ఒక వైపు మాటే చెబుతుంది. ఏ వీధో నేను చెప్పాక ఆ గుమ్మం ముందు ఎవరు నిలబడతారో నా చేతిలో ఉండదు. 2019లో జపాన్‌లో ఒకడు ఒక యువగాయని పెట్టిన సెల్ఫీని పెద్దది చేసి, ఆమె కనుపాపలో ప్రతిఫలించిన రైల్వే స్టేషన్‌ని వీధి చిత్రాలతో పోల్చి గుర్తుపట్టాడు. అక్కడ కాచుకుని కూర్చుని, ఆమె వెంట ఇంటిదాకా వెళ్ళి దాడి చేశాడు. నేను ఈ పేజీలో నేర్పేదీ అతను వాడిందీ ఒకే విద్య. ఆ వార్త చదివిన రోజు నుంచి, బతికున్న మనిషి ఆచూకీ అడిగే ఉత్తరం ఒక్కదానికి కూడా నేను జవాబు చెప్పలేదు.

ఆమె ప్రాణానికి ప్రమాదమని మీకు నిజంగా అనుమానముంటే ఇవాళే పోలీసుల దగ్గరికి వెళ్ళండి. వాళ్ళు ఆమెను కలిసి, క్షేమంగా ఉందని చూసి, చోటు మీకు చెప్పకుండానే ఆ మాట మీకు చేరవేయగలరు. ఆమె నమ్మే స్నేహితురాలు ఎవరైనా ఉంటే ఆ అమ్మాయి ద్వారా "నువ్వు బాగుంటే చాలు" అని ఒక్క మాట పంపండి.

సాయం చేయాలనే మనసు మీలాగే చాలామందికి ఉంటుంది, దానికి సరైన దారీ ఉంది. పిల్లల మీద జరిగే అఘాయిత్యాల కేసుల్లో యూరప్ దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్ 2017 నుంచి ఫొటోల్లోని వస్తువుల్ని మాత్రం కత్తిరించి జనానికి చూపిస్తోంది. ఒక సంచీ, ఒక చొక్కా మీది గుర్తు, కిటికీ బయటి దృశ్యం, అంతే. ముఖాలు ఉండవు. గుర్తుపట్టినవాళ్ళు నేరుగా పోలీసులకే చెబుతారు, మనుషుల ఆచూకీ వీధిన పడదు.

ప్రశ్న: ఫొటోలు మీకు ఎలా పంపితే మేలు?

జవాబు: అంచులు కత్తిరించకుండా, తెల్లటి బోర్డరుతో సహా స్కాన్ చేయండి. రంగులు దిద్దకండి, గీతలు చెరపకండి, ముఖ్యంగా కంప్యూటరుతో 'మెరుగు' పెట్టించకండి. అది మసకగా ఉన్న అక్షరాల స్థానంలో తనకు తోచిన అక్షరాలు వేస్తుంది. వెనక వైపు కూడా స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర, పెన్సిలు అంకె, కాగితం కంపెనీ పేరు, ఏదైనా సరే.

ఆల్బమ్‌లోంచి ఊడదీసే ముందు మాత్రం ఆగండి. పేజీ మొత్తం అలాగే ఒక ఫొటో తీసుకుని, దీనికి ముందు ఏది ఉంది, తర్వాత ఏది ఉంది అని రాసుకుని, అప్పుడు మెల్లగా మూలలు విప్పండి.